వెదురు గొట్టాల వాద్యము
(మన సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం అయినది. భోజనాలకు ఇంకా కొంచెం వ్యవధి వున్నది గాబట్టి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు సెలవిచ్చినారు. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్ చదివి, యీ ఖుర్దారోడ్డులో రైల్వే పార్సిళ్లు తూచి రశీదులు వ్రాసుకొనే గుమాస్తాను. కాబట్టి ఒక సామాను కథే చెబుతాను.

పోయిన నెల కార్యవర్గంలో మన సంఘం అటకమీద వున్న పాత హార్మోనియం మాట వచ్చినది. ఎలుకలు తిత్తి కొరికినవి, పలకడం లేదు, పాతసామాన్లవాడికి వేసి ఒక కరెంటు పెట్టె కొందామన్నారు. సరేనన్నవారిలో నేనూ ఒకణ్ణి. శ్రీకాకుళం జిల్లానుండి లోకో షెడ్డు పనికి వచ్చిన మా తాతగారు ఆ పెట్టెమీదనే నాటకాలకు శ్రుతి వేసేవారు. అది తెలిసి కూడా సరేనన్నాను. ఆ తర్వాత యీ వెదురు వాద్యం సంగతి నా కంటబడినది.

ఫిలిప్పీన్సు దేశంలో మనీలా పట్టణానికి దక్షిణంగా, సముద్రపు ఒడ్డున, లాస్ పిన్యాస్ అని ఒక వూరు వున్నది. ఇప్పుడది మహానగరంలో కలిసిపోయినది గాని, రెండువందల ఏళ్లనాడు చేపలు పట్టేవాళ్లు, ఉప్పు పండించేవాళ్లు కాపురముండే పల్లె. మన గంజాం తీరాన ఉప్పుమడులు చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు. 1795లో ఆ పల్లెకు మొదటి పాదిరీగా డియేగో సెరా అనే ఆయన వచ్చినాడు. స్పెయిన్ దేశంలో పిరెనీసు కొండల దాపున గ్రౌస్ అనే వూరు ఆయన జన్మస్థలం. 1762లో పుట్టి, ముప్ఫయ్యేళ్ల వయస్సులో సముద్రాలు దాటి 1792లో మనీలా చేరినాడు. రాతితో చర్చి కట్టించినాడు. ఇక చర్చిలో పాటకు వాద్యం కావాలి గదా!

ఆ దేశాలలో చర్చి వాద్యమంటే పైపు ఆర్గను. మన హార్మోనియానికి అది పెద్దన్నవంటిది. హార్మోనియంలో తిత్తి వేస్తే గాలి పోయి ఇత్తడి రీడును కదిలిస్తుంది, అదే పలుకుతుంది. ఆర్గనులో గాలి గొట్టాలలోకి పోతుంది. చాలామట్టుకు పిల్లనగ్రోవి పలికినట్టే పలుకుతుంది. అయితే పిల్లనగ్రోవికి రంధ్రాలు మూసి తెరిచి ఏడు స్వరాలూ పలికించవచ్చును. ఆర్గనులో అలా కాదు, ఒక్కొక్క గొట్టానికి ఒక్కటే స్వరం. పొడుగు గొట్టం మంద్రం, పొట్టి గొట్టం తారం. అందుచేత వందలు వేలు గొట్టాలు కావాలి. వాటిని సీసము, తగరము కలిపిన రేకుతోను, కొన్నింటిని చెక్కతోను చేస్తారు.

ఆ లోహాన్ని తెప్పించుకోవడం పల్లె పాదిరీకి సులభమా? ఆయన పెరట్లో చూచినాడు. వెదురు! ఆ వూళ్లో ఇంటికీ, బుట్టకూ, చేపల మావుకూ అన్నింటికీ వెదురే. 1816లో బొంగులు నరికించి, సముద్రపు ఒడ్డున ఇసుకలో పాతిపెట్టించినాడు. దాదాపు ఏడాది అట్లాగే వుంచి తీయించినాడు. వెదురులోని తీపి పోతే పురుగు ముట్టదు. ఇసుకలో చెడిపోయేది అక్కడే చెడిపోతుంది, నిలిచినదే పనికివస్తుంది. మన పల్లెల్లో వాసాలకు వెదురును చెరువులో నానబెట్టే పెద్దలకు యీ మర్మం ఎవరూ పుస్తకం చదివి చెప్పలేదు.

1821 నాటికి వాద్యం పలికినది గాని పూర్తి కాలేదు. బూరలవలె గట్టిగా పలకవలసిన గొట్టాలు మిగిలినవి. వాటినీ వెదురుతోనే చేయాలని పాదిరీ చాలా ప్రయత్నించినాడు. చేతకాలేదు. చివరకు పట్టుదల విడిచి, ఆ బూరలను లోహంతో చేయించి 1824లో ముగించినాడు. నాకు ఆయనలో నచ్చినది యిదే. ఎక్కడ వెదురు చాలునో అక్కడ వెదురు, చాలనిచోట లోహం. మొత్తం 1,031 గొట్టాలు. అందులో 902 వెదురువి, 129 లోహానివి. పిల్లలకు మరొక ముచ్చట చెబుతాను: అందులో పహరీతోస్ అనే ఏర్పాటు వున్నది, అనగా చిట్టి పిట్టలు. చిన్న గొట్టాల కొనలు నీళ్లలో వుంటవి. గాలి వదిలితే పిట్టలు కిచకిచలాడినట్టు వుంటుంది.

పాదిరీ 1832లో చనిపోయినాడు. తర్వాత 1863లోను, 1880లోను భూకంపాలు వచ్చినవి, తుఫానులు వచ్చినవి. చర్చి దెబ్బతిన్నది, వాద్యం మూగపోయినది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన బెల్జియం పాదిరీలు కొంత బాగుచేయించినారు గాని, పూర్వపు కంఠం రాలేదు. ఎన్నో యేళ్లు సగం గొంతుతోనే వున్నది. అయినా దాన్ని పొయ్యిలో పెట్టలేదు. వెదురు గదా, పొయ్యిలో బాగానే మండేది.

1973లో దాన్ని విప్పి జర్మనీ దేశంలోని బాన్ నగరానికి పంపినారు. క్లైస్ అనే పేరుగల ఆర్గను కర్మాగారం అక్కడ వున్నది. నా వృత్తి వల్ల నాకు వెంటనే తోచినది పార్సిలు సంగతి. మా ఆఫీసులో ఒక్క వీణ పెట్టె వస్తేనే ఎక్కడ పెట్టాలా అని గుండె దడదడలాడుతుంది. వెయ్యి పైచిలుకు గొట్టాలు, ఒక్కటి తారుమారైతే ఒక స్వరం పోయినట్టే! ఇంకొక చిక్కు. వేడిలో, తేమలో పెరిగిన వెదురు ఆ చలిదేశంలో పగిలిపోదా? అందుకని అక్కడ ఒక గదిలో ఫిలిప్పీన్సులో వుండే వేడీ తేమా కల్పించి, ఆ గదిలో పని చేసినారు. వెదురును తమ శీతోష్ణానికి లొంగదీయలేదు. తామే దాని వాతావరణం చేసి పెట్టినారు. బయటివూళ్లలో కాపురముంటున్న మనవంటివారు యీ సంగతి రెండుసార్లు చదువుకోవచ్చును.

1975లో వాద్యం స్వస్థలానికి తిరిగివచ్చి మళ్లీ పలికినది. 1976 నుండి ఏటేటా సంగీతోత్సవం జరుగుతున్నది, దూరదేశాల విద్వాంసులు వచ్చి వాయిస్తున్నారు. 2003లో అక్కడి ప్రభుత్వం దాన్ని జాతీయ సాంస్కృతిక నిధిగా ప్రకటించినది. నేను రికార్డులో విన్నాను. వెదురు గొట్టాల స్వరం మెత్తగా, పొద్దున్నే ఎవరో పక్క వీధిలో గ్రోవి ఊదినట్టున్నది. బూరలు అందుకోగానే మాత్రం మన ఎక్స్‌ప్రెస్సు ప్లాట్‌ఫారం మీదికి వచ్చినట్టు వులిక్కిపడినాను.

హార్మోనియం కూడా పరాయి సొత్తే. 1842లో పారిస్‌లో దెబాన్ అనే ఆయన పేటెంటు పొందినాడు. పాదిరీలతో మన దేశానికి వచ్చినది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేలమీద కూర్చుని ఒక చేత్తో తిత్తి వేసుకొనేటట్టు మార్చినాడు. అది తెలుగు నాటకం చేతికి చిక్కి, సురభివారి వెంట వూరూరూ తిరిగినది. మా తాతగారివంటివారి వెంట యీ ఒరిస్సా దాకా వచ్చినది.

నిన్న ఆఫీసునుండి వచ్చి, అటక ఎక్కి, పెట్టె దింపి మూత విప్పినాను. తిత్తి తోలు మూడుచోట్ల చినిగినది. మెట్లలో నాలుగు పలకవు. రీడులు విప్పి తుడిచిచూస్తే రెండింటికి చిలుము తప్ప దోషం లేదు. మిగిలిన రెండూ విరిగినవి, కొత్తవి వేయవలసినదే. కార్యవర్గంలో నేను సరేనన్న మాట యిందుమూలంగా వాపసు తీసుకొంటున్నాను. అధ్యక్షులవారు మినిట్సులో వ్రాయించవలెను. వచ్చే ఆదివారం ఉదయం తోలు, సరేసు తెచ్చి కూర్చుంటాను. మా తాతగారి వేళ్లు ఆడిన మెట్లు ఎలా వున్నవో చూడాలనుకొనే పిల్లలు రావచ్చును. స్క్రూడ్రైవరు వున్నవారు తెచ్చుకోండి, నావద్ద ఒక్కటే వున్నది.

వడ్డనకు పిలుస్తున్నారు. సెలవు.