కొత్త కంప్యూటరు కొనేముందు మెమరీ చూడండి

(నరసరావుపేటలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరైనవారికి కంప్యూటరుతో పనేమిటని ఒకప్పుడు అనేవారు. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ మొదలయ్యాక మనం బతికే ఉన్నామన్న ధ్రువపత్రం కూడా ఆన్‌లైన్‌కు ఎక్కింది. పన్ను రిటర్ను, బ్యాంకు ఖాతా, దూరాన ఉన్న పిల్లలతో మాటామంతీ, అన్నీ అందులోనే. ఫోను ఉంది కదా అంటారేమో, ఆ చిన్న అక్షరాలు మన కళ్లకు ఆనవు. ఇంట్లో కంప్యూటరు మొరాయిస్తే ఆధార్ కాగితం, పాస్‌వర్డు పట్టుకుని పరాయివారి దగ్గర నిలబడాలి. మన లెక్కలు మన చేతిలోనే ఉండాలన్నది నా పట్టుదల. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

మనకు తెలిసిన భాషలో చెబుతాను. ఆఫీసులో రికార్డు రూము ఉండేది, మన బల్ల ఉండేది. హార్డ్ డిస్కు రికార్డు రూము. మెమరీ, అంటే ర్యామ్, మన బల్ల. బల్ల చిన్నదైతే ఒక ఫైలు తెరవడానికి ఇంకొకటి వెనక్కి పంపాలి. అటెండరు తిరుగుతూనే ఉంటాడు, గుమాస్తా చేతులు కట్టుకుని కూర్చుంటాడు. కంప్యూటరు నత్తనడకకు ఇదొక ముఖ్య కారణం. స్విచ్ ఆపగానే బల్ల ఖాళీ అవుతుంది, రికార్డు రూము చెక్కుచెదరదు. కనుక మెమరీ మారిస్తే మనవళ్ల ఫొటోలు పోతాయన్న భయం అక్కరలేదు.

1995లో విండోస్ 95కు కనీసం 4 మెగాబైట్లు కావలసి వచ్చింది. 2021లో వచ్చిన విండోస్ 11కు కనీసం 4 గిగాబైట్లు. అంటే 1,024 రెట్లు! హాయిగా పని సాగాలంటే 8 ఉండాలి.

ముందుగా రోగ నిర్ధారణ. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ చూడండి. మామూలు పనికే 85, 90 శాతం నిండితే బల్ల చాలడం లేదన్నమాట. మా ఇంట్లో 4 జీబీ యంత్రం 91 చూపించింది. మరో 4 చేర్చాక 60కి దిగింది. అలాకాక మెమరీ సగమే నిండి, డిస్కు ఎప్పుడూ 100 దగ్గర ఉంటే పాత హార్డ్ డిస్కు బదులు ఎస్‌ఎస్‌డి వేయించాలి. నెట్ మందగిస్తే ఈ రెండూ చేసేదేమీ లేదు. రెంటచింతల ఎండల గురించి మీకు చెప్పనక్కరలేదు. ఫ్యాన్‌కు దుమ్ము పట్టి యంత్రం వేడెక్కినా వేగం తగ్గుతుంది. ముందు దుమ్ము దులిపించండి.

ఇక కొనడం. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని చోట మరొకటి పట్టదు, గాటు ఉన్న చోటు వేరు. ల్యాప్‌టాప్ ముక్క పొట్టిది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో మెమరీ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచడానికి వీలుండదు. ఖాళీ స్లాటు ఉందా, బోర్డు ఎంతవరకు తీసుకుంటుంది అన్నది చూడాలి. 32 బిట్ విండోస్ అయితే 4 జీబీకి మించి వాడుకోలేదు. మాచర్ల, గురజాల మిత్రులు పాత ముక్కను వెంట తెచ్చుకుంటే రెండోసారి బస్సెక్కే పని తప్పుతుంది.

కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల 2025 చివర్లో మెమరీ ధరలు బాగా పెరిగాయి. కనుక అవసరమైనంతే కొనండి, బిల్లు అడగండి. ఇంకో మాట. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు తగిన ప్రాసెసరు, టీపీఎం 2.0 కూడా కావాలి. అవి లేని యంత్రానికి మెమరీ ఎంత పెంచినా ఆ అర్హత రాదు. అలాంటి దానికి ఉచితంగా దొరికే లినక్స్ వేయించుకోవచ్చు.

అమర్చడం కష్టం కాదు. ప్లగ్గు పీకి, పవర్ బటన్ కొన్ని క్షణాలు నొక్కి, పెట్టె ఇనుప భాగాన్ని తాకండి. ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది. బంగారు రంగు అంచు ముట్టుకోకుండా, గాటు సరిచూసి, రెండు కొసలా సమంగా నొక్కితే క్లిప్పు టక్కుమంటుంది. తెర వెలగకపోతే కంగారుపడక మళ్లీ తీసి పెట్టండి. చేయి వణికేవారు మెకానిక్కును పిలవండి, కానీ పని మీ కళ్లెదుటే జరగనివ్వండి. యంత్రాన్ని దుకాణంలో వదిలేస్తే రికార్డు రూము తాళం చెవి కూడా ఇచ్చినట్టే.

"ఇది పాతదైపోయింది, కొత్తది కొనండి" అని ఎవరైనా అంటే, మెమరీ ఎంత శాతం నిండుతోందో చూపించమని అడగండి. సర్వీసులో ఉండగా నోట్ ఫైలు చదవకుండా సంతకం పెట్టలేదు కదా, ఇప్పుడెందుకు పెట్టాలి?