రోజువారీ అలవాట్లు: ఆరోగ్యం, అందం, మనశ్శాంతి
(సంస్థ వార్షికోత్సవం సందర్భంగా జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సహజమైన అలవాట్లతో ఆరోగ్యం, అందం, మనశ్శాంతి ఎలా పొందాలో చెప్పమని నన్ను అడిగారు. వినడానికి ఇది తేలికైన విషయం. కానీ ఇలాంటి సేవా సంస్థలకు వచ్చే వైద్య సహాయం అర్జీలు చదివినవారికి ఇది ఎంత బరువైన విషయమో తెలుసు. ఒకరికి డయాలిసిస్‌కు డబ్బు కావాలి. ఒకరికి కాలి పుండు ముదిరి వేలు తీసేయాల్సి వచ్చింది. ఒక అమ్మాయికి కాన్పు సమయంలో రక్తం ఎక్కించాలి. ఇలాంటి వాటిలో చాలా వాటి వెనుక ఏళ్ల తరబడి పట్టించుకోని షుగరో, బీపీయో, రక్తహీనతో ఉంటుంది. జకాత్, సదఖా సొమ్ముతో ఆ బిల్లు కట్టడం సవాబు గల పనే. ఆ బిల్లు రాకుండా ముందే జాగ్రత్తపడటం ఇంకా మంచి పని. అది ఇంట్లోనే మొదలు కావాలి.

యునానీ వైద్యం మనకు కొత్త కాదు. చార్మినార్ పక్కనే నిజామియా ఆసుపత్రి ఉంది. కర్నూలులో యునానీ వైద్య కళాశాల ఉంది. ఆ వైద్యానికి మూల గ్రంథాలలో ఒకటి ఇబ్నె సీనా (980–1037) రాసిన ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్’. ఆ సంప్రదాయంలో మందుల సంగతి కంటే ముందు ఒక పాఠం నేర్పుతారు. దాని పేరు ‘అస్బాబె సిత్తా జరూరియ్యా’. బతికున్న ప్రతి మనిషికీ తప్పనిసరైన ఆరు విషయాలు అని దాని అర్థం. గాలి ఒకటి. తిండి, నీరు రెండు. ఒంటి కదలిక, విశ్రాంతి మూడు. మనసు కదలిక, విశ్రాంతి నాలుగు. నిద్ర, మెలకువ ఐదు. ఒంట్లో ఉండాల్సినవి ఉండటం, పోవాల్సినవి పోవడం ఆరు. వెయ్యేళ్ల నాటి ఈ లెక్కను నేటి డాక్టరు ముందు పెట్టినా కాదనడు. ఈ ఆరింటినీ మన ఇళ్లలోకి తెచ్చి చూద్దాం.

మొదటిది గాలి. మన ఇళ్లు చాలావరకు ఇరుకు సందుల్లో ఉంటాయి. వంటగదికి కిటికీ ఉండదు, ఉన్నా మూసి ఉంటుంది. పోపు పొగ, దోమల చుట్ట పొగ, గురువారం సాయంత్రం వేసే లోబాన్ పొగ అన్నీ ఆ గదిలోనే తిరుగుతుంటాయి. వాసన మంచిదైనా పొగ పొగే. ఆయాసం ఉన్న పెద్దలు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో లోబాన్ వేస్తే తలుపులు తెరిచి వేయండి. వంట చేసేటప్పుడు కిటికీ తీయండి, పరదా కావాలంటే పలుచటి తెర కట్టుకోండి. ఇంట్లో బీడీ, సిగరెట్ తాగే మగవారు కనీసం పిల్లల గదిలోనైనా మానేయాలి. గుట్కా, జర్దా సంగతి వేరే చెప్పనక్కరలేదు. నోటి క్యాన్సర్ వార్డులో కూర్చున్నవారిని అడిగితే వాళ్లే చెబుతారు.

రెండవది తిండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లెక్కలు కూడా అందుకు కొంచెం పైనే. అంటే ఈ సమావేశంలో మీ కుడిపక్కన ఒకరు, ఎడమపక్కన ఒకరు కూర్చుని ఉంటే, మీ ముగ్గురిలో ఒకరికో ఇద్దరికో రక్తం తక్కువగా ఉండే అవకాశం ఉంది. కారణం ఒక్క పేదరికమే అనుకోకండి. దస్తర్‌ఖాన్ మీద మగవారు, పిల్లలు, అతిథులు తిన్నాక మిగిలింది తినడం మన ఆడవాళ్లకు అలవాటు. సాలన్‌లో ముక్కలు అయిపోయాక మిగిలిన పులుసు అన్నంలో కలుపుకుంటే రక్తం ఎక్కడి నుంచి వస్తుంది?

వారానికి ఒకసారి కలేజీ వండితే అందులో మొదటి రెండు ముక్కలు ఎదిగే ఆడపిల్ల పళ్లెంలో వేయండి. మునగాకు, తోటకూర, పప్పు, రాగులు తరచు వండండి. వాటి మీద నిమ్మకాయ పిండండి, ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. చాయ్ మానమని నేననను. మన దగ్గర ఆ మాట ఎవరూ వినరు. భోజనానికి, చాయ్‌కి మధ్య ఒక గంట తేడా ఉంచండి చాలు.

ఇక షుగర్. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశమంతటా జరిగిన అధ్యయనం 2023లో వెలువడింది. మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారని అది చెప్పింది. దావత్‌లో బిర్యానీ, పైన డబల్ కా మీఠా తిని, ఇంటికి వచ్చి పడుకోవడం అంచున ఉన్నవారిని లోపలికి తోసేస్తుంది. ముందు దాల్చాలోని సొరకాయ, పప్పు, కచుంబర్ తిని, తరువాత అన్నం పెట్టుకోండి. అదే తిండి, అదే పళ్లెం, వరుస ఒక్కటే మారింది. రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. ఉప్పు అన్ని వంటల్లో కలిపి మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆచార్, పాపడ్ కూడా ఆ చెంచాలోకే వస్తాయని మరవకండి.

రంజాన్ గురించి ఒక మాట. షుగర్ మందులు వాడేవారు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవారు, నెల ముందే డాక్టరును కలిసి రోజాలు ఉండవచ్చా, ఉంటే మందుల వేళలు ఎలా మార్చాలో అడగాలి. రోజాలో ఉండగా చెమట, వణుకు, కళ్లు తిరగడం వస్తే వెంటనే పరీక్ష చేయాలి. చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విడవాల్సిందే. రోగికి దీన్‌లో సడలింపు ఉంది. ఆ సడలింపును వాడుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు.

మూడవది కదలిక. నమాజులో నడుము వంగుతుంది, మోకాళ్లు మడుస్తాం, లేస్తాం. అది కీళ్లకు మంచిదే. కానీ మగవారికి మస్జిద్ దాకా నడక కలుస్తుంది, ఇంట్లో చదువుకునే ఆడవారికి అది లేదు. పెద్దలకు వారానికి 150 నిమిషాల చురుకైన నడక కావాలి. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. బయటికి వెళ్లడం కుదరకపోతే మేడ మీద నడవండి. రాత్రి భోజనం అయ్యాక పది నిమిషాలు అటూ ఇటూ నడిచినా షుగర్ ఉన్నవారికి లాభమే. మేడ మీదికి ఎక్కితే ఇంకో మేలు. నీడలోనే ఉండేవారికి, ఒళ్లంతా కప్పుకుని తిరిగేవారికి విటమిన్ డి తక్కువవుతుంది, ఎముకలు నొప్పి పెడతాయి. ఎవరి కళ్లూ పడని చోట, పొద్దెక్కాక చేతులకు, కాళ్లకు కాస్త ఎండ తగలనివ్వండి. బట్టలు ఆరేసే పని, ఎండ పని రెండూ అయిపోతాయి.

నాలుగవది మనసు. దీన్ని ఆరింటిలో ఒకటిగా లెక్కపెట్టారంటే పాతకాలపు హకీములు ఎంత తెలిసినవారో చూడండి. కోపం, భయం, దిగులు, అసూయ ఒంటిని తింటాయని వారికి తెలుసు. ఫజర్ తరువాత పది నిమిషాలు ఫోన్ ముట్టకుండా నిశ్శబ్దంగా జిక్ర్‌లో కూర్చోవడం మనకు అందుబాటులో ఉన్న మంచి అలవాటు. అయితే కొందరి దిగులు దానితో పోదు. కాన్పు తరువాత తల్లికి ఏడుపు ఆగకపోవడం, కొడుకు గల్ఫ్‌లో ఉండి ఇక్కడ తల్లికి నెలల తరబడి నిద్ర పట్టకపోవడం, బతకాలని లేదనడం, ఇవి ఈమాన్ తక్కువై వచ్చేవి కావు. జ్వరంలాగే ఇదీ జబ్బు. తావీజు కట్టి ఊరుకోకండి, డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే డబ్బు లేకుండా మాట్లాడతారు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఐదవది నిద్ర. ఇషా తరువాత త్వరగా పడుకుని ఫజర్‌కు లేవడం మన పెద్దల పద్ధతి. ఇప్పుడు ఇషాకు, నిద్రకు మధ్య మూడు గంటల రీల్స్ వచ్చి కూర్చున్నాయి. పెద్దలకు ఏడు గంటల నిద్ర కావాలి, పిల్లలకు అంతకన్నా ఎక్కువ. రాత్రి ఫోన్లన్నీ ఒక గూట్లో పెట్టే నియమం పెట్టండి. ముందు అమ్మీ, అబ్బా ఫోన్లు పెడితే పిల్లలవి వాటంతట అవే వస్తాయి.

ఆరవది గురించి ఎవరూ సభలో మాట్లాడరు. నేను మాట్లాడతాను. బడిలో, పనిచేసే చోట, పెళ్లి హాలులో మరుగుదొడ్డి సరిగా లేదని మన ఆడపిల్లలు పొద్దుటి నుంచి నీళ్లు తాగరు, మూత్రం ఆపుకుంటారు. దానివల్ల మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు వస్తాయి, మళ్లీ మళ్లీ వస్తే కిడ్నీల దాకా పోవచ్చు. సోదరులారా, ఇది మీకు చెబుతున్నాను. మీరు కట్టే షాదీఖానాలో, మదర్సాలో, దుకాణంలో ముందు ఆడవాళ్లకు తాళం, నీళ్లు ఉన్న మరుగుదొడ్డి కట్టించండి. జూమర్లు తరువాత వేలాడదీయవచ్చు.

వుజూ గురించి కూడా చెప్పాలి. షుగర్ ఉన్నవారు రోజుకోసారి కాళ్లు పరీక్షించుకోవాలని డాక్టర్లు చెబుతారు. ఐదు పూటలా కాళ్లు కడిగే మనకు అది వేరే పని కాదు. కడిగేటప్పుడు అరికాలు తిప్పి చూడండి. పగులు, బొబ్బ, రంగు మారిన చోటు కనిపిస్తే ఆ రోజే చూపించండి. వేళ్ల సందులు తుడిచి ఆరనివ్వండి. మిస్వాక్ వాడేవారు వాడండి, చిగుళ్లకు మంచిది. రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో పళ్లు తోమడం కూడా ఉండాలి.

ఇప్పుడు అందం. పెళ్లిచూపుల్లో ‘అమ్మాయి బాగుంది, రంగే కాస్త తక్కువ’ అనే ఒక్క మాట ఆ అమ్మాయిని ఎక్కడెక్కడికి తీసుకువెళుతుందో మీకు తెలుసా? పేరూ ఊరూ సరిగా లేని తెల్లబరిచే క్రీముల దగ్గరికి. వాటిలో కొన్నింటిలో పాదరసం ఉంటుంది. అది చర్మం గుండా ఒంట్లోకి వెళ్లి కిడ్నీలను పాడుచేస్తుంది. కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నెల రోజులు ముఖం మెరుస్తుంది. తరువాత చర్మం పలుచబడుతుంది, ఎర్రబారుతుంది, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. ఆ పిల్ల కిడ్నీ ఖరీదు ఆ మాట అన్నవాళ్లు కట్టరు. కాబట్టి ఆ మాట మనం అనకూడదు, మన ఇంట్లో అననివ్వకూడదు.

మెహందీ మనకు సంతోషం. గోరింటాకు రుబ్బి పెడితే ముందు నారింజ రంగులో పండి, మరునాటికి ముదురుతుంది. పది నిమిషాల్లో నల్లగా పండే కోన్‌లో ఉన్నది గోరింటాకు కాదు, జుట్టు రంగులో కలిపే రసాయనం. దానితో చేతులు బొబ్బలెక్కిన పెళ్లికూతుళ్లు ఉన్నారు. పాత పద్ధతి సుర్మాలో సీసం ఉండే ప్రమాదం ఉంది, పసిపిల్లల కళ్లకు అసలు పెట్టకండి. తలకు కుంకుడుకాయ, ఒంటికి శనగపిండి వాడండి, పడనివారు మానండి. నిమ్మరసం ముఖానికి రాసుకుని ఎండలోకి వెళితే మచ్చలు పడతాయి. తేనె మంచిదే, కానీ ఏడాది నిండని బిడ్డకు నాకించకూడదు. కలౌంజీ వాడుకోండి, దాన్ని నమ్మి షుగర్, బీపీ మాత్రలు ఆపకండి. సహజమైనది ప్రతిదీ ప్రతి ఒక్కరికీ మేలు చేయదు.

చివరగా సంస్థ పెద్దలకు ఒక విన్నపం. వచ్చే సంవత్సరం వైద్య సహాయం నిధిలో కొంత భాగం పరీక్షలకు కేటాయించండి. ప్రతి మొహల్లాలో ఆడపిల్లలకు హిమోగ్లోబిన్, నలభై దాటినవారికి షుగర్, బీపీ పరీక్షలు చేయించండి. అక్కచెల్లెళ్లారా, మీకూ ఒక పని. ఈ రాత్రి దస్తర్‌ఖాన్ వేసినప్పుడు అందరితో పాటు మీరూ కూర్చోండి, మీ కూతురిని, కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని ముక్కలు సమంగా వడ్డించండి.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, దాన్ని నిలుపుకునే తెలివిని ప్రసాదించుగాక, ఆమీన్.