తెరిచిన తలుపు దగ్గర కాపలా ఎవరిది?



సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడమంటే మొదట సంకోచించాను. నేను కోడ్ రాసే మనిషిని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. రెండేళ్ళ క్రితం జరిగిన ఒక చిన్న సంఘటన నన్ను ఇటు లాగింది.

మా సంస్థలో ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, సవరణలూ పంపవచ్చు. దాని తెలుగు రూపంలో ఎవరు ఏ పత్రాన్ని సరిదిద్దినా తెరమీద ‘మార్చాడు’ అని వస్తుంది. మా ఆఫీసులో ఉన్న ఏడుగురమూ ఆడవాళ్ళమే. రోజంతా ‘మార్చాడు’, ‘చేర్చాడు’, ‘తొలగించాడు’! ‘మార్చారు’ అంటే అందరికీ సరిపోతుంది కదా అని సవరణ పంపాను. ఐదు నెలలు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత, ఇది అనవసర చర్చ అని ఒక్క వాక్యం రాసి సవరణను మూసేశారు. మూసింది ఎవరో, ఏ నియమం ప్రకారమో, ఎవరికి చెప్పుకోవాలో ఎక్కడా లేదు.

ఓపెన్ సోర్స్ అంటే తెరిచిన తలుపు అంటారు. నిజమే, కోడ్ అందరికీ కనబడుతుంది. కానీ మనం పంపిన మార్పు అసలు ప్రతిలో చేరాలంటే మెయింటెయినర్ అనే నిర్వాహకుడు చదివి ఒప్పుకోవాలి. పంపే హక్కు అందరిదీ, చేర్చే అధికారం కొందరిదీ. అధికారం ఉండడమే తప్పని నేననను. వచ్చినదల్లా చేర్చుకుంటూ పోతే ఆ సాఫ్ట్‌వేర్ రేపు పొద్దున నడవదు. ఆ కొందరిని ఎవరు ఎంచారు, వాళ్ళు ‘వద్దు’ అని ఎలా చెబుతున్నారు అన్నదే నా ప్రశ్న.

‘ఇక్కడ ఆడా మగా లేదు, కోడ్ బాగుంటే చాలు’ అని జవాబు వస్తుంది. గిట్‌హబ్‌లో వచ్చిన సవరణలను పరిశీలించి కొందరు పరిశోధకులు 2016లో వెల్లడించిన లెక్కలు చూడండి. మొత్తంమీద స్త్రీలు పంపినవాటిలో నూటికి 78కి పైగా ఆమోదం పొందాయి, పురుషులవి 74కి పైగా. పనిలో లోపం లేదన్నమాట. కానీ ఒక ప్రాజెక్టుకు బయటినుంచి సవరణ పంపిన స్త్రీల సంగతి వేరు. వివరాలను బట్టి స్త్రీ అని తెలియనప్పుడు 72 దాకా ఉన్న ఆమోదం, తెలిసినప్పుడు 62, 63కి పడిపోయింది. పురుషులకూ తగ్గింది గానీ అంతగా కాదు.

1991లో మొదలైన లినక్స్ కెర్నెల్ కథ ఇంకోలా ఉంది. ఏళ్ళ తరబడి అక్కడ నచ్చని కోడ్‌కు తిట్లు జవాబుగా వచ్చేవి. నాణ్యత కోసం కటువుగా ఉండక తప్పదని సమర్థించుకున్నారు. (ఇంట్లో చెయ్యి చేసుకునేవాడు కూడా ‘నీ మంచికే’ అంటాడు.) చివరికి 2018 సెప్టెంబరులో లినస్ తోర్వాల్డ్స్ తన ప్రవర్తనకు బహిరంగంగా క్షమాపణ చెప్పి కొన్ని వారాలు పక్కకు తప్పుకున్నారు. అప్పుడే ప్రవర్తనా నియమావళీ వచ్చింది. ఇక కెర్నెల్ పాడైపోతుందని కొందరు గగ్గోలు పెట్టారు. అది నిక్షేపంగా నడుస్తోంది. పైథాన్ భాషను సృష్టించిన గిడో వాన్ రోసమ్ కూడా 2018లోనే ఒక ప్రతిపాదనపై తీవ్రమైన వాదోపవాదాల తర్వాత తుది నిర్ణేత స్థానం నుంచి దిగిపోయారు. మరుసటి ఏడాది నుంచి అక్కడ ఎన్నికైన ఐదుగురి మండలి పనిచేస్తోంది.

ఈ పాఠం మనకు కొత్తదా? 1970లోనే జో ఫ్రీమన్ అమెరికా స్త్రీవాద బృందాల గురించి ‘నిర్మాణరాహిత్యపు నియంతృత్వం’ అనే ప్రసంగం చేశారు. పదవులూ నియమాలూ లేవని చెప్పుకునే బృందంలోనూ అధికారం ఉంటుంది, కాకపోతే అది ప్రశ్నకు అందదు అని ఆమె వాదన. తర్వాత వ్యాసంగా వచ్చిన ఆ ప్రసంగాన్ని ఇవాళ సాఫ్ట్‌వేర్ వాళ్ళు వెతుక్కుని చదువుతున్నారు. మన సంఘాల్లో ఎవరి మాట తీర్మానమవుతుందో, ఎవరి మాట ‘తర్వాత చూద్దాం’లో పడుతుందో మనం రాసి పెట్టుకున్నామా? మా సంస్థలో రాసుకోలేదు. ఈ మధ్యనే మొదలుపెట్టాం, అదీ కొంత తగవు తర్వాత.

గత నెల ఆ సవరణ మళ్ళీ పంపాం. ఈసారి ఏడుగురమూ విడివిడిగా కారణాలు రాశాం. తిరస్కరిస్తే ఎవరు, ఏ నియమం కింద తిరస్కరిస్తున్నారో రాతపూర్వకంగా చెప్పమని అడిగాం. జవాబు ఇంకా రాలేదు. తెరమీద మాత్రం ఇవాళ పొద్దున నేను ఈ ప్రసంగాన్ని సరిదిద్దుకుంటే, ‘మార్చాడు’ అనే వచ్చింది.