నలుగురి నోళ్లలో నానిన పేపర్



మెదడు మీద పరిశోధన చేసేవాళ్ల పనిని ఇప్పుడు సైటేషన్లతో కొలుస్తున్నారు. ఒకరి పేపర్‌ను ఇంకొకరు తమ పేపర్‌లో ప్రస్తావిస్తే అదొక సైటేషన్. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త వీటన్నిటినీ ఒక్క అంకెకు కుదించి హెచ్-ఇండెక్స్ తెచ్చాడు. ఒకాయన ఐదు పేపర్లు రాశాడనుకోండి. వాటికి 40, 12, 6, 4, 1 చొప్పున సైటేషన్లు వచ్చాయి. నాలుగుకు తగ్గకుండా వచ్చినవి నాలుగున్నాయి కాబట్టి ఆయన హెచ్-ఇండెక్స్ 4. మొదటిదానికి 40 బదులు 4,000 వచ్చినా అది 4 దగ్గరే ఆగిపోతుంది. ఉద్యోగాలూ ప్రమోషన్లూ చాలాచోట్ల ఈ అంకె చుట్టే తిరుగుతున్నాయి. నేను దీన్ని ఒప్పుకోను. ఎందుకో మన తెలుగు నేల మీద పుట్టిన పేపర్‌తోనే చెబుతాను.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి మతిమరుపు జబ్బుకు, అంటే డిమెన్షియాకు, వైద్యం చేసేవారు. ఇప్పుడు బెంగళూరు నిమ్హాన్స్‌లో ఉన్నారు. భాషాశాస్త్రం నుంచి దుగ్గిరాల వసంత, కంప్యూటర్, కాగ్నిటివ్ సైన్స్ వైపు నుంచి సూరంపూడి బాపిరాజు, ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్, ఇంకొందరు ఆమెతో కలిశారు. నిమ్స్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో 'న్యూరాలజీ' పత్రికలో అచ్చేశారు. ఒకే భాష తెలిసినవాళ్లకు జబ్బు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, రెండు లేక అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకు 65.6 ఏళ్లకు. తేడా నాలుగున్నరేళ్లు. మూడో భాషతో అదనపు లాభమేమీ కనబడలేదు.

ఇలాంటి మాట 2007లోనే కెనడాలోని టొరంటో నుంచి వచ్చింది. కానీ అక్కడ రెండు భాషలవాళ్లలో చాలామంది వేరే దేశాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. మేలు భాషది కాదు, వలసదో చదువుదో అయి ఉండొచ్చని అనుమానం మిగిలిపోయింది. హైదరాబాద్‌లో ఎవరూ దేశం దాటి రానక్కర్లేదు. బడి మెట్లెక్కని మనిషి కూడా తెలుగు, ఉర్దూ రెండూ గడగడా మాట్లాడతాడు. అక్షరం రానివాళ్లను విడిగా చూస్తే తేడా దాదాపు ఆరేళ్లు తేలింది. అలాంటి మనుషులు టొరంటోలో ఎక్కడ దొరుకుతారు! లోకం ఈ పేపర్ వైపు తిరిగి చూసింది అందుకే. తర్వాత 2016లో అదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని చూసింది. ఆ దెబ్బ తర్వాత కూడా ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషల గుంపులో 40.5 శాతం, ఒకే భాష గుంపులో 19.6 శాతం.

2013 పేపర్‌ను వందల పేపర్లు ప్రస్తావించాయి. అవన్నీ మెచ్చుకోళ్లు కావు. ఆసుపత్రికి వచ్చినవాళ్లనే లెక్కేస్తే, రానివాళ్ల సంగతేమిటని కొందరు నిలదీశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి సమీక్షలో, రెండు భాషల వల్ల డిమెన్షియా తగ్గినట్టు తేలలేదు. లెక్కలో మాత్రం పొగిడినదీ ఒకటే, తప్పుపట్టినదీ ఒకటే. మనిషి పేరు నలుగురి నోళ్లలో నానుతోందంటే మంచికో చెడ్డకో తెలియదు కదా, ఇదీ అంతే. అయితే నా దృష్టిలో ఆ తగువు కూడా ఈ పేపర్ సాధించిన ఘనతే. కాదనాలన్నా ముందు దానికి జవాబు చెప్పాల్సి వస్తోంది. ఆ సంగతి హెచ్-ఇండెక్స్‌లో ఎక్కడ కనబడుతుంది? ఎవరు ప్రస్తావించారు, ఎందుకు ప్రస్తావించారు అన్నది కూర్చుని చదివితేనే తెలుస్తుంది.

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పిల్లలూ, మీతో ఒక మాట. ప్రొద్దుటూరులో ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పక్కనే తెలుగు ఒక్కటే తెలిసిన పల్లెలున్నాయి. జబ్బు రాకముందే ఆ పెద్దవాళ్లను కలిసి, ఏళ్లపాటు గమనించే పని ఇక్కడ మొదలుపెడితే ఆ తగువు తేల్చడానికి పనికొస్తుంది. పదేళ్ల దాకా ఒక్క సైటేషన్ కూడా రాకపోవచ్చు. అయినా మొదలుపెట్టండి.

ఇంట్లో ముసలివాళ్లున్నవాళ్లు ఇంకొకటి వినండి. నిమ్స్ పేపర్‌లోని ఆ 61.1, 65.6 అనే అంకెలు మిషన్లు చెప్పినవి కావు. మొదటి లక్షణం ఎప్పుడు కనబడిందో ఇంటివాళ్లు గుర్తు తెచ్చుకుని చెప్పినవి. మీ అమ్మో నాయనో రోజూ పోయే దారి తప్పినా, అడిగిందే అడుగుతున్నా, వయసు మీద పడింది లెమ్మని వదిలేయకండి. నెల, సంవత్సరం క్యాలెండర్ మీద రాసిపెట్టి, డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు ఆ కాగితం తీసుకుపోండి.