టు-లెట్ బోర్డుకు అవతలి వైపు



స్నాతకోత్సవంలో కలల గురించి మాట్లాడటం ఆనవాయితీ. నేను అద్దె ఇళ్ల గురించి మాట్లాడతాను. మొదటి జీతం పడగానే మీ ఇంట్లో మొదలయ్యే మాట అదే మరి: "ఓ ఫ్లాట్ తీసుకో బిడ్డా, వచ్చే కిరాయితోనే ఈఎంఐ ఎల్లిపోతది."

ఎల్లిపోదు. లెక్క చూడండి. 50 లక్షల ఫ్లాట్‌కు 10 లక్షలు చేతి నుంచి పెట్టి, 40 లక్షలు బ్యాంకులో తెచ్చారనుకుందాం. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ల వాయిదా నెలకు దాదాపు 35 వేలు. కిరాయి 14 వేలు వచ్చిందనుకున్నా తక్కిన 21 వేలు మీ జీతంలోంచే పోవాలి. మధ్యలో ఓ నెల ఇల్లు ఖాళీగా ఉంటుంది, ఇంటిపన్ను వస్తుంది, మోటారు కాలిపోతుంది. "టాక్స్ కలిసొస్తుంది" అన్న మాటా పాతబడింది. కొత్త పన్ను విధానంలో అద్దెకిచ్చిన ఇంటి మీద వచ్చిన నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోనివ్వరు.

అయితే కొనొద్దా? కొనండి, కానీ ఇల్లు కొనండి. మన హన్మకొండ చుట్టుపక్కల చాలామంది కొనేది వార్తను. మామునూరు ఎయిర్‌పోర్టు, కాజీపేట రైల్వే ఫ్యాక్టరీ, మడికొండ ఐటీ, గీసుగొండ దగ్గర టెక్స్‌టైల్ పార్కు... పొద్దున పేపర్లో వార్త వస్తే సాయంత్రానికి గజం రేటు పెరుగుతుంది. కిరాయి పెరగదు. అది పెరగాలంటే మనిషి వచ్చి ఆ ఇంట్లో కాపురముండాలి. ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల నర్సులు, జూనియర్ డాక్టర్లు ఉంటారు. కాకతీయ యూనివర్సిటీ దగ్గర విద్యార్థులు, కాజీపేటలో రైల్వే ఉద్యోగులు ఉంటారు. మీరు చూసిన ఇంట్లో ఎవరుంటారో, ఎంత కట్టగలరో చెప్పలేకపోతే బయానా ఇవ్వకండి.

ఇక నీళ్లు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగి హన్మకొండ కాలనీలు ఎట్లా మునిగాయో మీలో చాలామంది చూసే ఉంటారు. ఇది చెరువుల ఊరు, వాటి మధ్య నీటి దారులున్న ఊరు. మనమేమో ఎండాకాలం ఆదివారం పూట ఇల్లు చూసొస్తాం. ఓ వాన వెలిసిన మర్నాడు వెళ్లండి. గోడకు కింది మూడడుగుల మేరకే కొత్త రంగు ఉంటే ఎందుకని అడగండి. పక్కింటివాళ్లు ఫ్రిజ్‌ను ఇటుకల మీదికి ఎక్కించి పెట్టుకున్నారా చూడండి. బ్రోకర్ చెప్పనిది ఆ ఇటుకలు చెబుతాయి.

కాగితాల సంగతి క్లుప్తంగా. 30 ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు, మున్సిపల్ అనుమతి ప్లాను తీసుకుని మీరు పెట్టుకున్న వకీలుకే చూపించండి, అమ్మేవాడి వకీలుకు కాదు. 500 చదరపు మీటర్లు, 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టును రెరా నంబరు లేకుండా అమ్మకూడదు. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. "కట్టడం పూర్తయ్యేదాకా నెలనెలా కిరాయి మేమే ఇస్తాం" అనేవాళ్లు చాలాసార్లు మీ డబ్బులోంచే మీకు ఇస్తుంటారు.

నిజానికి తొందరేం లేదు. మీలో చాలామంది రేపు మాదాపూర్‌లోనో బెంగళూరులోనో కిరాయికే ఉంటారు. "బ్యాచిలర్స్‌కు ఇవ్వబడదు" అన్న బోర్డులు చదువుతారు. ఫోన్‌లో ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, చివరికి "మీరేమిట్లు?" అని గుచ్చి తెలుసుకునే ఓనర్లు తగులుతారు. అప్పుడు మీకు ఒళ్లు మండుతుంది. మండాలి కూడా. కానీ రేపు మీ గేటుకే బోర్డు కట్టినప్పుడు, వచ్చినవాళ్లను కులమడక్కండి. ఉద్యోగమేమిటి, ఎంతమంది ఉంటారు, ఆధార్ ఇస్తారా అంటే చాలు. కిరాయి ఎగ్గొట్టేవాడి సంగతి ఇంటిపేరులో తెలియదు.

కిరాయి ఒప్పందాన్ని చాలామంది 11 నెలలకే రాసుకుంటారు. మీరూ రాసుకోండి, కానీ రాసుకోవడం మానకండి. తాళాలిచ్చే రోజు గోడలు, నల్లాలు, మీటరు రీడింగు ఇద్దరూ కలిసి ఫొటోలు తీసుకోండి. అడ్వాన్సు మీ డబ్బు కాదు, దాన్ని వేరే ఖాతాలో ఉంచండి. ఖాళీ చేసిన రోజే తిరిగిచ్చేయండి. రంగులకని పట్టుకుంటే పెయింటర్ రసీదు చేతిలో పెట్టండి.