పొట్ట చుట్టూ కొవ్వు – గుండెకు ముప్పు
(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పు, వాయిదా గురించి మనం ప్రతి సమావేశంలో మాట్లాడుకుంటాం. మన దశసూత్రాలలో ఆరోగ్యం కూడా ఒక సూత్రమే. దాని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పీహెచ్‌సీ డాక్టరమ్మ గారిని అడిగి తెలుసుకున్నవి మన మాటల్లో చెప్తాను.

ఒంట్లో కొవ్వు అంటే గాదెలో పోసిన వడ్లలాగా ఊరికే నిల్వ ఉండేది అనుకుంటాం. అది నిల్వ మాత్రమే కాదండీ. కొవ్వు కూడా హార్మోన్లు తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. 1994లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం అలాంటి హార్మోన్ ఒకటి కనిపెట్టారు. దాని పేరు లెప్టిన్. ‘నిల్వ చాలినంత ఉంది, ఇక తినక్కర్లేదు’ అని మెదడుకు కబురు చెప్పడం దాని పని. కొవ్వు బాగా పెరిగితే లెప్టిన్ కూడా పెరుగుతుంది. కానీ రోజూ అరిచే మనిషి మాట ఇంట్లో ఎవరూ పట్టించుకోనట్టు, మెదడు ఆ కబురు వినడం మానేస్తుంది.

రెండోది అడిపోనెక్టిన్. ఇది మనకు మేలు చేసేది. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడానికి, రక్తనాళాల లోపలి పొర బాగుండడానికి తోడ్పడుతుంది. చిత్రమేమిటంటే, పొట్టలో కొవ్వు పెరిగేకొద్దీ ఇది తగ్గిపోతుంది. దాంతో షుగర్ పెరిగే వీలు ఎక్కువవుతుంది.

మూడోది, పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు వాపు కలిగించే పదార్థాలను వదులుతుంది. దెబ్బ తగిలినచోట వాచినట్టు రక్తనాళాల లోపల సన్నగా వాపు ఉంటుంది. బయటికి కనపడదు, నొప్పి తెలియదు. ఆ గోడల్లోనే కొవ్వు పేరుకుని దారి ఇరుకవుతుంది. బీపీ పెంచే పదార్థాలు కూడా ఈ కొవ్వు నుంచి వస్తాయి. ఇవన్నీ కలిసి చివరికి గుండె మీద పడతాయి.

తొడల దగ్గర, పిరుదుల దగ్గర ఉండే కొవ్వు ఇంత చెడు చేయదు. అందుకే బరువు ఒక్కటే చూస్తే చాలదు. చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చినవాళ్లు మనలో ఎంతమందో. ముట్లు ఆగిపోయాక కొవ్వు పొట్టకు చేరడం ఇంకా ఎక్కువవుతుంది. కాబట్టి నలభై, యాభై దాటిన అక్కలు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఎలా తెలుసుకోవాలి? కుట్టుమిషను దగ్గర ఉండే టేపు చాలు. చీర కుచ్చిళ్లు, లంగా ముడి పక్కకు జరిపి, ఊపిరి వదిలాక, కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన కొలవాలి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే జాగ్రత్త పడాలి. 30 ఏళ్లు దాటినవాళ్లకు ఆశా కార్యకర్త నింపే ఫారంలో కూడా ఈ నడుము కొలత గడి ఉంటుంది. ఆమె వచ్చినప్పుడు ‘తర్వాత రా అమ్మా’ అని పంపేయకండి. బీపీ, షుగర్ పరీక్షలు ఉచితమే.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆడవాళ్లకు గుండెపోటు వస్తే ఛాతీలో నొప్పితో పాటు ఆయాసం, చెమటలు, వాంతి వచ్చేట్టు ఉండడం, దవడ, వీపు లాగడం ఉండొచ్చు. ఒక్కోసారి ఛాతీనొప్పి పెద్దగా ఉండదు కూడా. మా సంఘంలో ఒక అక్క గ్యాసు అనుకుని రాత్రంతా సోడా తాగి పడుకుంది. తెల్లారి 108లో తీసుకెళ్తే గుండెపోటు అన్నారు. బతికింది, కానీ ఇప్పుడు పొలం పనికి వెళ్లలేదు. వైద్యానికి బయట చేసిన అప్పు, సంఘం వాయిదా రెండూ కూతురి మీద పడ్డాయి. అలాంటి లక్షణాలు కనిపిస్తే ఎవరి అనుమతి కోసమూ చూడకుండా 108కి ఫోన్ చేయండి.

కడుపు మాడ్చుకోమని నేను చెప్పడం లేదు. అన్నం కొంచెం తగ్గించి పప్పు, ఆకుకూర, కూరగాయలు పెంచుదాం. కాగిన నూనె మళ్లీ మళ్లీ కాచొద్దు. ఉప్పు, పంచదార తగ్గిద్దాం. రోజుకు అరగంట చొప్పున వారంలో ఐదు రోజులు చురుగ్గా నడుద్దాం. కొంచెం బరువు తగ్గినా బీపీ, షుగర్ మీద మంచి ఫలితం ఉంటుంది. పొట్ట కరిగిస్తామని అమ్మే పొడులకు డబ్బు పోయొద్దు. బీపీ, షుగర్ మాత్రలు డాక్టరు చెప్పకుండా ఆపొద్దు.

ఇక సభ ముందు ఒక తీర్మానం పెడుతున్నాను. ప్రతి సంఘంలో ఆరు నెలలకు ఒకసారి సభ్యుల నడుము కొలత, బీపీ తీయించి ఎవరి పుస్తకంలో వాళ్లమే రాసుకుందాం. పైకి చదవొద్దు, ఎవరినీ లావు అని నవ్వొద్దు. కొలత దాటినవాళ్లను ఒంటరిగా పంపకుండా, తోడుగా ఒక సభ్యురాలు ఆసుపత్రికి వెళ్లాలి. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి.