ముక్కు ఆపరేషన్ తర్వాత రంధ్రాలు సమంగా లేవా?



అందం కోసం ముక్కుకు ఆపరేషన్ చేయించుకున్నాక, కట్టు విప్పిన రోజున ఒక రంధ్రం పెద్దదిగా, ఒకటి చిన్నదిగా కనబడవచ్చు. డబ్బూ పోయింది, ముక్కూ పోయిందని ఏడ్చేవారున్నారు. ధైర్యంగా ఉండండి. వాపు రెండు వైపులా ఒకేలా రాదు, ఒకేలా తగ్గదు. చాలావరకు కొన్ని వారాల్లో తీస్తుంది గాని, ముక్కు కొన సర్దుకోవడానికి ఏడాది పట్టవచ్చు. చర్మం మందంగా ఉన్నవారికి ఇంకా ఎక్కువ. అందుకే సరిచేసే ఆపరేషన్ సాధారణంగా ఏడాదిలోపు చేయరు. పెళ్ళి ముహూర్తం దగ్గర పెట్టుకొని ఈ ఆపరేషన్‌కు తొందరపడకండి.

అసలు రెండు రంధ్రాలూ అచ్చంగా ఒకేలా ఉన్నవారు అరుదు. మీ పాత ఫోటో తీసి చూసుకోండి. చూడవచ్చినవారు కూడా "వంకర పోయిందే" అని బాధపెట్టకండి.

తల కింద ఎత్తు పెట్టుకొని పడుకోండి. పొగ త్రాగవద్దు. డాక్టరు చెప్పేవరకు ముక్కు చీదవద్దు, నొక్కి సరిచేయవద్దు, ముక్కుపుడక పెట్టవద్దు. ఎల్‌బీ నగర్ చౌరస్తా దుమ్ములో బండిపై తిరగవద్దు.

అయితే ఓపిక పేరుతో అశ్రద్ధ చేయవద్దు. నొప్పి, వాపు పెరుగుతూ ముక్కు మూసుకుపోయినా, జ్వరం గాని చీము గాని వచ్చినా, రక్తం ఆగకపోయినా ఆ రోజే ఆపరేషన్ చేసిన డాక్టరుకు చూపించండి. ఆయన దొరకకపోతే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. ముక్కు మధ్య గోడలో రక్తం గడ్డకట్టి చీము పడితే మృదులాస్థి దెబ్బతిని ముక్కు కుంగిపోతుంది.

వంకర కోసం ఏడాది ఆగవచ్చు. చీము కోసం ఒక్క రాత్రి కూడా ఆగవద్దు.